స్వల్పమని వదిలేయబడినది

పీజీ ఇంజనీరింగ్ విద్యార్థి థీసిస్ మొదలుపెట్టేటప్పుడు ప్రపంచానికి ఏదో చెప్పబోతున్నానని అనుకుంటాడు. ముగించేనాటికి ప్రపంచం తననేమీ అడక్కుండా ఉంటే చాలని మొక్కుకుంటాడు. మధ్యలో గడిచిన రెండేళ్లను సర్టిఫికెట్‌లో పరిశోధన అని రాస్తారు.

ఈ కష్టాలకు మూలపురుషుడు క్లాడ్ షానన్. 1937లో, 21 ఏళ్ల వయసులో, ఎంఐటీలో థీసిస్ రాస్తూ, రిలేలు, స్విచ్చులతో కట్టే సర్క్యూట్లను ఒకటి, సున్నాలతో నడిచే బూలియన్ బీజగణితంతో లెక్కగట్టవచ్చని చూపించాడు. డిజిటల్ కంప్యూటర్లు ఆ పునాది మీదే లేచాయి. ఇందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు. కానీ దాన్ని మాస్టర్స్ డిగ్రీకి చేయడమేమిటి? ఆ తర్వాత పీహెచ్‌డీకి జన్యుశాస్త్రానికి పనికొచ్చే గణితమేదో చేసుకున్నాడు. ఆ రెండూ తారుమారు చేసి ఉంటే మనలాంటివాళ్లం తలెత్తుకు తిరిగేవాళ్లం.

నాదీ మాస్టర్స్ థీసిసే. ఎలక్ట్రానిక్ పరికరాల వేడి తగ్గించడానికి బిగించే అల్యూమినియం రెక్కలుంటాయి కదా, వాటినే ఫిన్‌లంటారు. అవి ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉండాలన్నది నా విషయం. ముందువాళ్లు 5, 6, 8 మిల్లీమీటర్లు చేసేశారు. 7 ఖాళీగా ఉంది. దీన్నే రీసెర్చ్ గ్యాప్ అంటారు. అందరికీ అది అలంకారం, నాకు మాత్రం స్కేలు పెట్టి కొలిచి చూపించగల వస్తువు. ఎవరూ చేయలేదు కాబట్టి చేయాలన్నది పరిశోధనలో మొదటి సూత్రం. ఎందుకు చేయలేదని అడగకూడదన్నది రెండోది.

రెక్కలు మరీ దగ్గరగా ఉంటే వాటి మధ్య గాలి ఆడదు. మరీ దూరమైతే అదే జాగాలో తక్కువ రెక్కలు పడతాయి, వేడి పోయే వైశాల్యం తగ్గుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక మంచి దూరం ఉంటుంది. సమాంతర పలకల మధ్య సహజంగా కదిలే గాలి విషయంలో ఎలెన్‌బాస్ అనే ఆయన 1942లోనే ఈ లెక్క తేల్చేశాడు. ఆ సంగతి నాకు పద్నాలుగో నెలలో తెలిసింది. ఆ పేపర్ దొరకడం కష్టమై కాదు. డౌన్‌లోడ్ చేసుకున్న 214 పేపర్లలో మొదటి నెల నుంచీ నా దగ్గరే ఉంది. డౌన్‌లోడ్ చేస్తే చదివినట్టేనని నమ్మే మతం మాది. వణుకుతూ వెళ్లి గైడ్ గారికి చెబితే, "మంచిదేగా, బేస్ పేపర్ దొరికింది" అన్నారు. పెద్దవాళ్లు ఊరికే పెద్దవాళ్లు కారు.

ఇక ప్రయోగం. వేడి కొలవడానికి కె-టైప్ థర్మోకపుల్ వాడతాం. రెండు వేర్వేరు లోహపు తీగలు ఒకచోట కలిపితే, వేడిని బట్టి కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది, డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు. ఒక తీగ పసుపు, ఇంకోటి ఎరుపు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి ఎరుపును పాజిటివ్‌కు బిగించాను. హీటర్ ఆన్ చేశాను. ప్లేటు మీద వేలు పెడితే చురుక్కుమంటోంది. గది 25 డిగ్రీలుంది. మీటర్ మైనస్ 10 చూపిస్తోంది. కరెంటు పెంచాను. మైనస్ 20.

ఇక్కడ మామూలు మనిషి తీగలు సరిచూస్తాడు. పరిశోధకుడు ప్రకృతిని అనుమానిస్తాడు. మూడు వారాలు ఎవరికీ చెప్పకుండా రీడింగులు తీశాను. వేడి చేసేకొద్దీ చల్లబడుతోంది, అదీ పద్ధతిగా, గీత గీసినట్టు. ఏడు బిందువులకు గ్రాఫ్ వేస్తే, అవి గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే ఆర్-స్క్వేర్ 0.99 వచ్చింది, ఒకటైతే సంపూర్ణం. ఇంత చక్కటి డేటా నా జన్మలో మళ్లీ రాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, థీసిస్ సారాంశం, అదే అబ్‌స్ట్రాక్ట్, కూడా రాసేశాను. వేడి తనంతట తాను చల్లటి చోటు నుంచి వేడి చోటుకు పోదనే థర్మోడైనమిక్స్ రెండో నియమాన్ని మరీ కించపరచకుండా, "పునఃపరిశీలించవలసి ఉంది" అని మర్యాదగానే రాశాను.

నాలుగో వారం ల్యాబ్ అసిస్టెంటు గారు స్క్రూడ్రైవర్ కోసం అటొచ్చారు. మీటర్ చూశారు. నా మొహం చూశారు. రెండు స్క్రూలు వదులు చేసి, తీగలు అటుదిటు మార్చి బిగించి, "అమెరికన్ స్టాండర్డ్ వైరు బాబూ, ఇందులో ఎరుపు నెగెటివ్" అని స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్లిపోయారు. రెండో నియమం అర నిమిషంలో మళ్లీ అమల్లోకి వచ్చింది.

ఇదే ప్రయోగాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే సిమ్యులేషన్ గురించి ఎక్కువ చెప్పను, అందులో ఎక్కువ లేదు. లెక్క కోసం జాగానంతా సెల్స్ అనే చిన్న గళ్లుగా కోస్తారు, ఆ గళ్ల వలే మెష్. అది సన్నబడేకొద్దీ జవాబు ఒకచోట కుదురుకోవాలి, అది నిజానికి దగ్గరగా ఉండాలి. మాది 2 లక్షల సెల్స్‌తో ప్రయోగానికి 4 శాతం తేడాలో వచ్చింది. 20 లక్షల సెల్స్‌తో నాలుగు రాత్రులు కంప్యూటర్ని ఉడికిస్తే 19 శాతం తేడాలో కుదురుకుంది. కారణం కనుక్కోవడం పెద్ద విద్యేమీ కాదు. మా ఫిన్‌లకు నల్లరంగు వేశాం, గాలి తనంతట తాను మెల్లగా కదిలేచోట రేడియేషన్‌గా పోయే వేడి తక్కువేమీ కాదు. కానీ దాన్ని మోడల్‌లో పెట్టడం నాకు రాదు. అందుకని థీసిస్‌లో "రేడియేషన్ ప్రభావం స్వల్పమని వదిలేయబడినది" అని రాశాం.

ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. ఎవరు వదిలేశారు? ఎవరూ కాదు. వదిలేయబడింది, అంతే. థీసిస్ భాష రహస్యమంతా ఈ "బడు"లో ఉంది. బయట "నేను ఆలస్యంగా లేవబడ్డాను" అని ఎవరైనా అంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. థీసిస్‌లో మాత్రం తీగలు కలపబడతాయి, ఉష్ణోగ్రతలు నమోదు చేయబడతాయి, పొంతన లేని బిందువులు తొలగించబడతాయి, మనిషి మాత్రం ఎక్కడా కనబడడు. నేరం జరిగిన చోట వేలిముద్రలు తుడిచే పనిని ఇంత గౌరవంగా నేర్పే చదువు మరొకటి లేదు. "ఫలితాలు సంతృప్తికరంగా సరిపోలాయి" అంటే ఎవరికి సంతృప్తి అని అడక్కూడదు. "దీన్ని భవిష్యత్తులో పరిశీలించవచ్చు" అంటే నేను మాత్రం చేయనని.

రాతకు సాయంగా, పేజీలను అచ్చుకు తీర్చిదిద్దే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని అడుగున ఉన్న టెక్ అనే ప్రోగ్రామును డొనాల్డ్ నూత్ తన పుస్తకాలు అందంగా అచ్చు కావాలని 1977లో మొదలుపెట్టాడు. ఒక్క ఏడాది సెలవులో అయిపోతుందనుకున్నాడు. ఇక ఇందులో కొత్తగా ఏమీ చేర్చను అనేసరికి 1989 వచ్చింది. ఆయనకు నా నమస్కారాలు. "వచ్చే నెలకల్లా సబ్మిట్ చేసేస్తా" అని పదకొండుసార్లు చెప్పినవాడికి ఇంతకంటే గొప్ప అండ ఎక్కడ దొరుకుతుంది? ఆ సాఫ్ట్‌వేర్‌ను సరిచేసిన ప్రతిసారీ వెర్షన్ నంబరు గణితంలోని పై (π) విలువకు ఒక అంకె దగ్గరవుతుంది, 3.14159 అంటూ, ఎన్నటికీ చేరదు. నా ఫోల్డర్లో మాత్రం ఫైనల్, ఫైనల్-2, అసలు ఫైనల్, గైడ్ చూసిన ఫైనల్ ఉన్నాయి.

గైడ్ గారు మూడో డ్రాఫ్టులో ఒక కామా కొట్టేశారు. ఐదో డ్రాఫ్టులో అక్కడే ఒక కామా పెట్టారు, ఎర్ర ఇంకుతో, పక్కన "జాగ్రత్త" అని రాసి. రేడియేషన్ వాక్యం మీద మాత్రం ఏ డ్రాఫ్టులోనూ గీత పడలేదు.

కాపీ కొట్టామేమోనని చూసే ప్లాజరిజం సాఫ్ట్‌వేర్ 23 శాతం అంది. దొంగతనం ఎక్కడా అని చూస్తే "ఈ థీసిస్‌లోని మిగతా అధ్యాయాలు కింది విధంగా ఉన్నాయి" అన్న వాక్యం ఎర్రగా మెరుస్తోంది. దాన్ని తిప్పి తిప్పి చివరికి నాకే అర్థం కాకుండా రాశాక 9 శాతానికి దిగింది. స్వంత రచన అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ 142 పేజీలు తిరగేసి, బొమ్మ 4.7లో అక్షరాలు చిన్నవయ్యాయన్నారు. మారుస్తానన్నాను. పాసయ్యాను.

మొన్న జూనియర్ ఫోన్ చేశాడు. వాడిది 7.5 మిల్లీమీటర్లు.

"అన్నా, ప్లేటు కాలిపోతోంది, మీటర్ మైనస్ చూపిస్తోంది. మీ మూడో చాప్టర్ రెండుసార్లు చదివాను, దీని గురించి ఏమీ లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు వారాలు." గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకండన్నా, ఇదేదో కొత్త విషయంలా ఉంది."

ఎరుపు తీగ సంగతి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"మరి ఈ రెండు వారాలూ థీసిస్‌లో ఎలా రాయాలన్నా?"

"నేను రాసినట్టే. ఉష్ణోగ్రతలు నమోదు చేయబడినవి అని."

"ప్లాజరిజంలో పడుతుందేమో అన్నా" అన్నాడు.