స్పీకర్లు సజ్జ మీద కాదు, చెవి ఎత్తులో పెట్టండి

హనుమకొండ, కాజీపేట కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. హోం థియేటర్ కొన్నవాళ్లు అయిదు స్పీకర్లనూ సినిమా హాల్లోలాగా సీలింగ్ దగ్గర బిగించాలట. వైర్లకు ప్లస్, మైనస్ చూడక్కర్లేదట. వైర్లన్నీ ఒకే పొడవు ఉండాలట. లోతైన మోత, అంటే బేస్, ఇచ్చే సబ్ వూఫర్ పెట్టెను మూలకు పెడితే ఆ బేస్ డబుల్ అట. ఇది నమ్మి, వేలు పోసి కొన్న సెట్టును మూగ చేసుకుంటున్నవాళ్లను చూస్తే బాధగా ఉంది.

ముందు ప్లస్, మైనస్ సంగతి. అసలు నష్టం ఇక్కడే. "స్పీకర్‌కు వచ్చేది ఏసీ (అటూ ఇటూ మారే కరెంటు), ఎటు కలిపినా ఒకటే" అనే మాట ఒక్క స్పీకర్ ఉంటే నిజమే. రెండోది చేరగానే చెల్లదు. ఒకదానికి వైర్లు తిరగబడితే, ఎడమ స్పీకర్ కోన్ (అదిరి శబ్దం చేసే పొర) ముందుకొచ్చే క్షణంలో కుడిది వెనక్కి పోతుంది. ఒకటి గాలిని నెడుతుంటే ఇంకొకటి లాగేస్తుంది. దాంతో బేస్ చచ్చిపోతుంది.

హంటర్ రోడ్డులో ఒకాయన "సెట్టే బాగాలేదన్నా, వాపస్ ఇచ్చేస్తా" అన్నారు. పాట పెడితే గొంతు టీవీ మధ్య నుంచి రావడం లేదు, గదంతా చెదిరినట్టుంది. వెనక చూస్తే, గీత ఉన్న వైరు కుడి స్పీకర్‌కు ఎర్ర (ప్లస్) క్లిప్పులో, ఎడమ దానికి నల్ల (మైనస్) క్లిప్పులో ఉంది. పవర్ ఆపి ఎడమవైపు కొసలు మార్చాం. గొంతు నడిమికి వచ్చేసింది, డోలు దెబ్బ తెలిసింది. కొసలు కలిపేటప్పుడు రాగి పోగులను గట్టిగా మెలిపెట్టండి. ఒక్క పోగు పక్క క్లిప్పుకు తగిలినా షార్టే.

ఇక సీలింగ్ మాట. సినిమా హాల్లో మాటలు వచ్చే స్పీకర్లు పైన ఉండవు, తెర వెనకే ఉంటాయి. ఆ తెరకు సన్నని రంధ్రాలుంటాయి. పక్క గోడల మీది స్పీకర్లను ఎత్తులో పెట్టేది గోడ వారన కూర్చున్నవాళ్ల చెవులు పగలకుండా. మన 12 అడుగుల హాల్లో ముందు స్పీకర్లను సజ్జ మీద పెడితే హీరో తెర మీద, మాట కప్పు మీద.

కూర్చున్నప్పుడు చెవి నేల నుంచి మూడు, మూడున్నర అడుగులు ఉంటుంది. ముందు మూడూ (ఎడమ, కుడి, టీవీ దగ్గరి సెంటర్) ఆ ఎత్తుకు దగ్గరగా ఉండాలి. సోఫాకు, టీవీకి మధ్య 9 అడుగులుంటే ఎడమ, కుడి స్పీకర్ల మధ్య 7 నుంచి 10 అడుగుల ఎడం చాలు. మిగిలిన రెండు సరౌండ్ స్పీకర్లూ సోఫాకు అటూ ఇటూ, కాస్త వెనకగా, చెవి కంటే అడుగు, రెండడుగులు పైన. పై నుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ సెట్లలో పైన పెట్టేవి వేరే, అవి ఈ అయిదింటికి అదనం. టైల్స్ నేల అయితే స్పీకర్ల ముందు వరంగల్ కొత్తవాడ దర్రీ ఒకటి పరవండి, చెవికి గుచ్చుకునే ఆ పదును కొంత తగ్గుతుంది.

వైర్లు ఒకే పొడవు ఉండాలనడం వట్టి మాట. వైరులో సిగ్నల్‌కు నాలుగు మీటర్ల తేడా లెక్కే కాదు. ఆలస్యం గాలిలో జరుగుతుంది, మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. అందుకే టేపుతో సోఫా నుంచి ఒక్కో స్పీకర్ దూరం కొలిచి రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె) సెట్టింగుల్లో ఎక్కించాలి.

మూలలో సబ్ వూఫర్ పెడితే బేస్ పెరగడం నిజమే, కానీ అన్ని స్వరాలకూ సమానంగా పెరగదు. 12 అడుగుల గదిలో సుమారు 47 హెర్ట్జ్ దగ్గర మోత గోడల మధ్యే నిలిచిపోయి, ఏ పాటైనా ఒకటే బుం బుం. దీనికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. సబ్ వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ బాగా ఉన్న పాట వేయండి. గోడల వెంట వంగి, చెవి కిందికి పెట్టి నడవండి. దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా వినిపించిన చోటే దాన్ని దించండి. క్రాస్ఓవర్‌ను (ఏ స్వరం నుంచి కిందివి సబ్ వూఫర్‌కు పోవాలో చెప్పే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, మగ గొంతు సబ్ వూఫర్‌లోంచి వస్తున్నట్టు అనిపిస్తే ఇంకాస్త తగ్గించండి.