అంపైర్ లేని ఆటండి, ఆయ్!

మా కోనసీమలో గట్టు తగాదా అంటే తాతల నాటి ఆస్తి కింద లెక్క. అరడుగు నేల కోసం తాత వేసిన దావా మనవడి పెళ్లినాటికి కూడా వాయిదాల్లోనే ఉంటుంది. అలాంటి గడ్డ మీదకు అంపైరే లేని ఆటను తెచ్చిన మహానుభావులెవరో గానీ, ధవళేశ్వరంలో కాటన్ దొర పక్కన వాళ్లకూ ఒక విగ్రహం పెట్టించాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను.

ఆట పేరు అల్టిమేట్ ఫ్రిస్బీ. 1968లో అమెరికాలో, న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్ ఊళ్లో కొలంబియా హైస్కూల్ పిల్లలు మొదలుపెట్టారు. 175 గ్రాముల ప్లాస్టిక్ పళ్లెం. అది చేతిలో ఉండగా పరుగెత్తకూడదు, పది లెక్కపెట్టేలోగా ఇంకొకరికి విసరాలి. తప్పు జరిగితే ఆడేవాళ్లే చెప్పాలి, ఆడేవాళ్లే తేల్చుకోవాలి. ప్రపంచ పోటీల్లోనూ ఇదే పద్ధతి.

మే నెల. దాళ్వా కోతలైపోయాయి, కాలువలు కట్టేశారు. పక్కూళ్లో కోసిన చేలో శని, ఆదివారాలు పోటీలు. ఆడా మగా కలిసి ఏడుగురు ఆడాలి గనక మా జట్టు ఇలా కుదిరింది: బ్యాంకులో పనిచేసే నేను, రొయ్యల మేత అమ్మే మా బావ, బీటెక్ సెలవులకొచ్చిన ఇద్దరు తమ్ముళ్లు, మా వదిన, ఆవిడ చెల్లెలు, ఒక టీచరమ్మ. ఎవరైనా అలిసిపోతే మార్చుకోవచ్చన్నారు. ఎనిమిదో మనిషి ఉంటే కదా!

పళ్లెం పట్టుకున్నవాళ్ల ఎదురుగా నిలబడి పది లెక్కపెట్టే పని వదినకిచ్చాం. అవతల ఉన్నది వయసులో పెద్దాయన. వదిన పమిట సర్దుకుని, "ఒకటండి... రెండండి... మూడండి..." అని మొదలుపెట్టింది. ఏడండి దగ్గరికొచ్చేసరికి ఆయన దమ్ము తీసుకుని, చెమట తుడుచుకుని, తీరిగ్గా గోల్ వేయించాడు.

శనివారం సాయంత్రం సముద్రపు గాలి తిరిగింది. పళ్లెం మేం విసిరిన వైపు తప్ప అన్ని వైపులకూ వెళ్లింది. బావా, అవతలి కుర్రాడూ ఒకేసారి ఎగిరి ఒకేసారి పడ్డారు. బావ మోచేతికి వరి దుబ్బు గీరుకుని నెత్తురొస్తోంది.

"నాదేనండి తప్పు, నేనే తగిలాను" అన్నాడు బావ.

"అబ్బే, మీరు తగల్లేదండి, నేనే తోశాను" అన్నాడు కుర్రాడు.

"మీరలా అనకూడదండి, ఆయ్."

ఇలా ఎవరి తప్పు వాళ్లు నెత్తిన వేసుకుంటూ ఎంతసేపు వాదించుకున్నారంటే, మిగతా పన్నెండుగురం బొండాలు తాగి, లేత కొబ్బరి కూడా గీక్కు తినేశాం. ఇదే బావకు మూడు కొబ్బరిచెట్ల దగ్గర బాబాయి కొడుకుతో నాలుగేళ్లుగా మాటల్లేవు!

గట్టు మీద గేదెను మేపుకుంటున్న పెద్దాయనకు ఓపిక నశించింది. "ఇలా రండర్రా, తప్పెవరిదో నేను చెబుతాను" అన్నాడు. మూడో మనిషి తీర్పు ఈ ఆటలో చెల్లదని టీచరమ్మ వినయంగా చెప్పింది. ఆయన మనసు కష్టపెట్టుకుని, గేదెను మైదానం మధ్యలోంచే తోలుకుపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఊరి జట్టు మాకు భోజనం పెట్టింది. ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర, గడ్డపెరుగు, మామిడిపండు. "ఇంకొక్క ముద్దండి" అంటూ కొసరి కొసరి వడ్డించారు. గంట తర్వాత వాళ్లతోనే మ్యాచ్. 15-2 తేడాతో ఓడిపోయాం. ఎదుటివాళ్లకు తగలడం, తొయ్యడం తప్పన్నారు గానీ, పనసపొట్టు పెట్టడం తప్పని రూల్సులో ఎక్కడా లేదు.

మ్యాచ్ అయ్యాక అవతలి జట్టు మంచితనానికి మార్కులు వేయాలి. ఐదు అంశాలు, ఒక్కోదానికి నాలుగు. మామూలుగా బాగా ఆడితే రెండు వేస్తారని హైదరాబాద్ నుంచి వచ్చిన నిర్వాహకుడు వివరించాడు. మర్యాదగల వాళ్లకు నాలుగుకి రెండా? రేపు వాళ్లింట్లో పెళ్లికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాం? ఇరవైకి ఇరవై వేశాం. వాళ్లూ మాకు ఇరవై వేశారు. అందరూ అందరికీ ఇరవయ్యే. పాపం, ఆ అబ్బాయి కాగితాలు తిరగేసి మరగేసి, చివరికి చీటీ తీశాడు. అన్ని మ్యాచ్‌లూ ఓడిన మాకు మంచితనం కప్పు వచ్చింది.

అది ఎవరింట్లో ఉండాలన్నది తేలలేదు. తప్పు ఒప్పుకున్నది తనేనని బావ, అండీలన్నీ తనవేనని వదిన. వారం రోజులు మాలో మేమే తేల్చుకోబోయి, తేలక, మొన్న ఆ గేదె పెద్దాయన దగ్గరికే వెళ్లాం. ఆలోచించి చెబుతానన్నాడు. తీర్పు వచ్చేదాకా కప్పు ఆయన పాకలోనే. గేదెకు తవుడు కొలవడానికి సరిగ్గా సరిపోయిందట.