ఒక్క ఫొటోతో పురుగు పేరు తేలుతుందా?

"టమాటా, వంగ, బంగాళాదుంప పైర్లను ఏ పురుగు ఆశించినా ఫోనులో ఒక్క ఫొటో తీస్తే యాప్ 99 శాతం కచ్చితంగా పేరు చెబుతుంది, ఇక అధికారిని అడగనక్కర లేదు, మందు కొట్టేయవచ్చు" అన్న సందేశం రైతుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అందులోని మాటలను విడివిడిగా చూడవలసి ఉంది.

మొదటిది 99 శాతం. ఈ అంకెకు మూలం లేకపోలేదు. ప్లాంట్‌విలేజ్ అనే 54,306 ఆకు ఫొటోల సంపుటితో శిక్షణ ఇచ్చిన ఒక కంప్యూటర్ నమూనా 99.35 శాతం కచ్చితత్వం సాధించినట్టు 2016లో ఒక పరిశోధన వెలువడింది. అయితే అవి ఆకును తెంపి, ఒకే రంగు కాగితం మీద పరిచి తీసిన ఫొటోలు. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపినప్పుడు అదే నమూనా కచ్చితత్వం 31 శాతం దగ్గరికి పడిపోయిందని ఆ పరిశోధకులే రాశారు. సందేశాల్లో ఈ రెండో అంకె ఎక్కడా కనిపించదు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది: ఆ సంపుటిలో టమాటాకు కేటాయించిన పది వర్గాల్లో తెగుళ్లున్నాయి, నల్లి ఉంది, ఆరోగ్యమైన ఆకు ఉంది గాని, ఆకును తొలిచే పురుగు ఒక్కటీ లేదు. "తెలియదు" అనడం నేర్పని నమూనా, టూటా (టమాటా ఆకును తొలిచే ఒక చిన్న రెక్కల పురుగు) పిల్ల చేసిన మచ్చను కూడా ఆ పదింటిలో ఏదో ఒకదానికి అంటగడుతుంది. అది ఆకుమాడు తెగులని చెప్పిందనుకుందాం. రైతు తెగుళ్ల మందైన మాంకోజెబ్ కొడతాడు, పురుగు మాత్రం ఆకు పొరల మధ్య నిశ్చింతగా మేస్తూనే ఉంటుంది.

రెండోది, ఏ పురుగుకైనా ఒక్క ఫొటో చాలునన్న మాట; రెక్కల పురుగునే తీసుకుందాం. టూటా రెక్కల పురుగు పొడవు 5 నుంచి 7 మిల్లీమీటర్లే, రంగు బూడిద. లింగాకర్షక బుట్టలోని (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే బుట్ట) జిగురు అట్ట మీద కొట్టుకుని రెక్కల పొలుసులు రాలిపోయాక దాన్ని బంగాళాదుంప దుంప తొలిచే పురుగు నుంచి వేరుగా గుర్తించడం నిపుణులకే కష్టం. నిర్ధారణకు జననాంగాలను విడదీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి, లేదా డీఎన్‌ఏ పరీక్ష చేయించాలి. టమాటా, వంగ, బంగాళాదుంపల కుటుంబపు పైర్ల మీది చిన్న రెక్కల పురుగుల కోసమే అమెరికా వ్యవసాయ శాఖ 2013లో తెచ్చిన డిజిటల్ సాధనం కూడా ప్రయోగశాలలో కూర్చున్నవారికి ఉద్దేశించినదే.

అధికారి అక్కర లేదన్నది మూడో మాట. టూటా మన దేశంలో మొదట 2014లో పుణె ప్రాంతంలో బయటపడింది. ఇలా కొత్తగా వచ్చిన పురుగును పాత ఫొటోలతో నేర్చుకున్న యాప్ పసిగట్టలేదు, అక్కడ అధికారి కన్నే కావాలి.

అలాగని ఫోను పనికిరాదని కాదు, తీయవలసిన ఫొటో వేరు. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పాముపొడ ఈగ (ఆకును తొలిచే మరో పురుగు) చేసిన దారి సన్నగా వంకర్లు తిరుగుతూ కనిపిస్తుంది. టూటా దారి కూడా మొదట సన్నగానే ఉన్నా, త్వరలోనే వెడల్పాటి పొక్కులా మారి లోపల నల్లటి రెట్ట పోగుపడుతుంది. ఆ పొరను గోటితో చీల్చి చూడాలి. కాళ్లూ, స్పష్టమైన తలా లేని పసుపు పచ్చని పురుగైతే అది ఈగ పిల్ల. గోధుమ రంగు తల, దాని వెనుక సన్నని నల్లటి పట్టీ, కాళ్లు ఉంటే టూటాగా అనుమానించాలి. ఆ పురుగునే దగ్గరగా ఫొటో తీసి, యాప్‌తో పాటు ఉద్యాన అధికారికి కూడా పంపి, జవాబు వచ్చాకే స్ప్రేయర్ భుజానికెత్తుకోవాలి.