ఎనిమిదో నంబరు

(హాల్లో సోఫా మీద ఒక ఫ్లై రాడ్, అంటే ఫ్లై అనే ఈకల ఈగని ఎరగా కట్టి చేపలు పట్టే సన్నటి కర్ర. సోఫా వెనక ఇంకో ఫ్లై రాడ్. ఆయన అప్పుడే చెరువు నుంచి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, చేతిలో చేప లేదు. ఆవిడ ఏమీ అడగలేదు, ఊరికే చూసింది. అడిగేసి ఉంటేనే నయం.)

ఆయన: ఇక లాభం లేదు. కొత్త రాడ్ కొనాల్సిందే.

ఆవిడ: మొన్న కొన్నది అప్పుడే పాతబడిందా?

ఆయన: మొన్న కొన్నది ఎనిమిది. నాకిప్పుడు ఏడు కావాలి.

ఆవిడ: అంతకుముందు ఐదన్నారు. ఐదు తర్వాత ఎనిమిది, ఎనిమిది తర్వాత ఏడు. ఇదేం ఎక్కమండీ, ఏ బళ్లో చెప్పారు మీకు?

ఆయన: ఐదు ట్రౌట్ లాంటి చేపలకి. కార్పుకి అది చాలదు. పోయిన నెల ఐదుతోనే ఒకదాన్ని తగిలించానా, అది తిన్నగా రెల్లులోకి దూరింది. రాడ్ విల్లులా వంగిపోయిందే తప్ప చేప తల ఇటు తిప్పలేదు. తెగింది. అందుకే ఎనిమిది తీసుకున్నా. బంగారు తీగంటే మాటలా!

ఆవిడ: (మొహం ఒక్కసారిగా వెలిగి) బంగారు తీగా? ఎన్ని గ్రాములు?

ఆయన: చేప పేరే అది! కామన్ కార్పుని మనవాళ్లు బంగారు తీగంటారు.

ఆవిడ: (వెలుగు ఆర్పేసి) ఓహో. పెళ్లైన కొత్తలో మీరు నన్ను బంగారం అని పిలిచేవారు. అదీ ఉత్త పేరేనని తర్వాత తెలిసింది.

(ఆయన ఈ మాట విననట్టు రాడ్ తుడుచుకోసాగాడు. ఆవిడ వచ్చి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.)

ఆవిడ: ఇది ఎనిమిదా? కిలోలా, గ్రాములా? అగరొత్తిలా ఉంది.

ఆయన: ఆ నంబరు రాడ్ బరువు కాదు, లైను బరువు. లైనంటే దారం.

ఆవిడ: లైను బరువు రాడ్ మీదెందుకు రాశారు? చెప్పు మీద కాలి సైజు రాసినట్టా?

ఆయన: ఆఁ... అంతే. అచ్చం అదే.

(ఇది రాస్తున్న నేను పదేళ్లుగా ఈ విషయం జనానికి చెప్పడానికి తంటాలు పడుతున్నవాణ్ణి. ఇంత పొట్టిగా నాకెప్పుడూ కుదరలేదు.)

ఆవిడ: దారానికి బరువేమిటండీ?

ఆయన: చూడు. మామూలు గాలానికి సీసం గుండు కడతాం కదా. గుండు ఎగిరి వెళ్తూ దారాన్ని వెంట లాక్కుపోతుంది. మన ఫ్లైకి బరువు లేనట్టే, ఈక. ఈకని విసిరితే ఎంత దూరం పోతుంది? అందుకని బరువంతా లైనులోనే ఉంటుంది. లైను సాగిపోతూ ఈకని కూడా తీసుకుపోతుంది.

ఆవిడ: అంటే ఈగగారు దర్జాగా కూర్చుని వెళ్తారు, లైను మోసుకెళ్తుంది. ఈ ఇంట్లో లైను ఎవరో నాకు తెలుసు.

ఆయన: ఎనిమిదో నంబరు రాడ్ అంటే ఎనిమిదో నంబరు లైనుని మోయడానికి చేసిన రాడ్ అన్నమాట. వెనక్కి ఊపినప్పుడు లైను చాచుకుని రాడ్‌ని వంచాలి. వంగిన రాడ్ నిటారుగా లేస్తూ లైనుని ముందుకు తోస్తుంది. కిటుకంతా ఆ వంపులోనే ఉంది.

ఆవిడ: (పెట్టె తెరిచి ఒక ఫ్లైని పట్టుకుని) దీని పేరు ఈగ. మీసాలు రొయ్యవి. ఒళ్లంతా బొచ్చు. ఇదేం జీవి?

ఆయన: కార్పు ఎక్కువగా అడుగున బురద కెలుక్కుంటూ తింటుంది. పురుగుల పిల్లలు, నత్తలు, చిన్న రొయ్యజాతివి. అందుకే ఈ వేషం. ఇది మునగాలి, కాబట్టి తల దగ్గర పూస ఉంది. పూస వల్ల బరువు, బరువు వల్ల పెద్ద లైను, పెద్ద లైను వల్ల...

ఆవిడ: కొత్త రాడ్. అర్థమైంది.

ఆయన: నువ్వు దాన్ని తక్కువ అంచనా వేస్తున్నావు. నోటి చుట్టూ నాలుగు మీసాలు, వాటితోనే రుచి చూస్తుంది. పీల్చుకుని, నచ్చకపోతే మనకి తెలిసేలోపే ఉమ్మేస్తుంది. దవడలకి పళ్లుండవు, ఉన్నవన్నీ గొంతులోనే.

ఆవిడ: పైకి పళ్లు కనపడవు, ఉన్నవన్నీ గొంతులోనే. మీ పెద్దక్క గుర్తొచ్చిందండీ.

ఆయన: మధ్యలో అక్కయ్యెందుకు! ఇంకా విను. దాని లోపలి చెవికీ గాలితిత్తికీ మధ్య చిన్న ఎముకల గొలుసుంటుంది. అందుకే చప్పుడు భలే పసిగడుతుంది. ఒడ్డు మీద అడుగు గట్టిగా పడినా చాలు, పోతుంది.

ఆవిడ: మరి మీకెలా దొరుకుతుందండీ? మీరు మెట్లెక్కుతుంటే నేను పైన నిద్రలోంచి లేచి కూర్చుంటాను.

ఆయన: అందుకే దూరం నుంచి వేయాలి. ఇక్కడే ఉంది తిరకాసంతా. ఆరో నంబరైతే లైను సన్నం, నీళ్ల మీద మెత్తగా వాలుతుంది. గాలిలేని చిన్న కుంటకి అదే హాయి. కానీ గాలి వస్తే ఆరు తేలిపోతుంది, పూసలున్న ఫ్లైని లాగలేదు, పెద్ద చేప రెల్లులోకి పరిగెడితే ఆపలేదు. ఎనిమిదైతే గాలిని కోస్తుంది, చేపని తిప్పుతుంది. కాకపోతే లోతు తక్కువ నీళ్లలో టప్‌మని పడితే చేపలన్నీ చెదిరిపోతాయి.

ఆవిడ: ఏడు?

ఆయన: ఏడు రెండిటికీ మధ్య. చాలామందికి కార్పుకి అదొక్కటే సరిపోతుంది.

ఆవిడ: ఆ ముక్క ఐదు కొనేముందు తెలియదా?

ఆయన: ఐదు కార్పు కోసం కొనలేదు!

ఆవిడ: ఎనిమిది కొనేముందు?

(ఆయనకి హఠాత్తుగా మోకాలి మీద బురద గుర్తొచ్చింది. గోకడం మొదలుపెట్టాడు.)

ఆవిడ: సోఫా మీద కాదు! మొన్ననే ఆ అలమారా మొత్తం దులిపాను. మీ సంచులు ఎర్రదీ నీలందీ రెండూ ఉతికి, ఆరేసి, లోపలివి ఎక్కడివక్కడ సర్దిపెట్టాను. ఒక్కసారైనా బాగుందన్నారా?

ఆయన: బాగుంది, బాగుంది. నా బాధ విను. ఈ ఎనిమిది అసలు వంగట్లేదే! వారం నుంచి చూస్తున్నా. ఎంత ఊపినా కట్టెలా ఉంటోంది. లైను పోయి పోయి నా కాళ్ల ముందే కుప్పగా పడుతోంది. ఇవాళ నలభై అడుగుల దూరంలో ఒక చేప తోక నీళ్లపైకెత్తి, తల కిందికి పెట్టి మేస్తోంది. నిలువెత్తు అవకాశం! ఫ్లై వేశాను. నా టోపీకి తగిలింది. రాడ్ మరీ గట్టిది, అందుకే మెత్తటి ఏడు కావాలి.

ఆవిడ: చెప్పు వదులైతే చెప్పు మారుస్తారా, ముందు కాలు చూసుకుంటారా?

ఆయన: అంటే?

ఆవిడ: వంచాల్సింది లైనని మీరే చెప్పారు. అది వంచకపోతే తప్పు లైనుదేమో. దాని నంబరెంత?

ఆయన: ఎనిమిదే. డబ్బా మీద రాసి ఉండేది.

ఆవిడ: డబ్బా ఏదీ?

ఆయన: నువ్వు పారేశావు.

ఆవిడ: సరే, తూద్దాం. ఎనిమిదైతే ఎంతుండాలి?

ఆయన: లైను మొదటి 30 అడుగులు తూస్తారు. ఎనిమిదికి 210 గ్రెయిన్లు. గింజలతో తూచిన కాలంనాటి కొలత. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు.

ఆవిడ: (కాగితం మీద చకచకా) 13.6 గ్రాములు. ఇంకేం, వంటింట్లో కాటా ఉంది. రీలు తెండి.

ఆయన: ఇదేమన్నా... ఇలా ఇంట్లో తూచేది కాదే!

ఆవిడ: బరువు బరువే. టైలు రెండడుగులు, పదిహేను టైళ్లు చాలు. హాల్లో తొమ్మిదున్నాయి, మిగతా ఆరూ వరండాలోకి. ఆ చివర పట్టుకుని నడవండి. నెమ్మదిగా! కింద చేపలున్నాయనుకోండి.

(లైను హాలు దాటి వరండాలోకి పాకింది. లైను చివర ఫ్లైని కట్టే సన్నటి దారాన్ని, అదే లీడరుని, విప్పాలని ఆయనే గుర్తుచేశాడు, లేకపోతే అదీ తూకంలో కలుస్తుంది. ముప్పై అడుగుల దగ్గర ఆవిడ బట్టలకి పెట్టే క్లిప్పు పెట్టింది. క్లిప్పు దాకా లైనుని చుట్టచుట్టి కాటా మీద పెట్టి, మిగతాది బరువు పడకుండా చేత్తో ఎత్తి పట్టుకుంది. ఇద్దరూ వంగి చూశారు.)

ఆవిడ: తొమ్మిది.

ఆయన: సరిగ్గా పెట్టు.

ఆవిడ: తొమ్మిది.

ఆయన: కాటా పాడైనట్టుంది.

ఆవిడ: కాటా ఎనిమిదో నంబరుది కాదేమో, కొత్తది కొందామా? తొమ్మిది గ్రాములంటే ఏ లైను?

ఆయన: (గొంతు తగ్గించి) 140 గ్రెయిన్లు.

ఆవిడ: అదే, ఏ నంబరు?

ఆయన: ...ఐదు.

(కాసేపు ఫ్యాను చప్పుడు ఒక్కటే.)

ఆవిడ: అంటే ఎనిమిదో నంబరు చెప్పులో ఐదో నంబరు కాలు పెట్టుకుని వారం రోజులు చెరువు గట్టున ఊగారు. పాపం రాడ్ వంగాలని చూసింది, వంచేవాళ్లేరీ? ఇందుకా కొత్త రాడ్? దాని తప్పేముందని? అది నోరెత్తలేదు కాబట్టి సరిపోయింది. నేనైతేనా...

ఆయన: ఆగాగు. ఇదెలా జరిగింది? నాకున్నది ఒకే రీలు, దాంట్లో మార్చి మార్చి పెట్టుకునే లైను చుట్టలు, అదే స్పూళ్లు, రెండు. రెండు లైన్లూ ఒకే ఆకుపచ్చ. కలిసిపోకూడదనే ఎనిమిది ఉన్న స్పూలుని ఎర్ర సంచిలో, ఐదు ఉన్నదాన్ని నీలం సంచిలో పెట్టుకున్నా. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా మారలేదు.

ఆవిడ: మరి చూసుకోవద్దూ? ఎనిమిది లావుగా ఉంటుందిగా!

ఆయన: ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. నేను సంచిని నమ్మాను. (ఆలోచిస్తూ) వారం నుంచే వంగట్లేదు. సరిగ్గా వారం. ఏమేవ్, ఆ అలమారా ఎప్పుడు దులిపానన్నావు?

ఆవిడ: ఎప్పుడోలెండి.

ఆయన: మొన్ననే అన్నావు.

ఆవిడ: మొన్నంటే మొన్నేనా? ఒక్కోసారి అలా అంటాం.

ఆయన: సంచులు ఉతికి, ఆరేసి, లోపలివి...

ఆవిడ: ఎర్రది రంగు దిగిందండీ, రెండూ ఊదారంగులోకి వచ్చాయి. తడిగా ఉన్నప్పుడు ఏది ఏదో... అబ్బ, ఫోను మోగుతున్నట్టుంది, వస్తా.

ఆయన: ఫోను నా చేతిలోనే ఉంది.

ఆవిడ: అయితే మీరే మాట్లాడండి.