వెనిల్లా సిగార్‌కు వేరు కాపురం

దేశంలో ఇళ్ల కొరత సంగతి తర్వాత చూసుకోవచ్చు. వెనిల్లా సిగార్‌కు తగిన వసతి దొరకడం లేదు, ముందు దాని గోడు వినాలి. గోదావరి లంకల చుట్ట చెవి సందులోనో, తలపాగా మడతలోనో బతికేసింది. తేమ ఎంత శాతమని దాన్నెవరూ అడగలేదు. నికరగువా నుంచి కాఫీ, చెర్రీ పూసుకుని దిగినవాటి దర్జా వేరు.

అందరూ చేసే తప్పు ఒకటే. సిగార్లు దాచే స్పానిష్ సీడర్ చెక్కపెట్టె కొని, మామూలు సిగార్ల పక్కనే వీటినీ పడుకోబెడతారు. ఆ చెక్క పేరుకే సీడర్ (దేవదారు), చుట్టరికం మన వేపతో. అది వాసన పీల్చుకుని తీరిగ్గా వదులుతుంది. కొన్నాళ్లకు ఖరీదైన క్యూబన్ సిగార్ కూడా పుట్టినరోజు కేకులా గుబాళిస్తుంది. వెనిల్లాను వెళ్లగొట్టినా వాసన మాత్రం ఇల్లు ఖాళీ చేయదు. అడ్డంగా అర పెట్టామంటారా? గాలి ఒకటే కదండీ!

మాగాయ జాడీలో గోంగూర కలపని జాతికి ఇది విడమరిచి చెప్పాలా? రబ్బరు వాషరు, క్లిప్పు మూత ఉన్న గాజు సీసా, రుచికొకటి. గాజుకు పట్టిన వాసన కడిగితే పోతుంది. ప్లాస్టిక్ డబ్బా చవకే, కానీ ఒక రుచికి ఇచ్చాక ఇక దానికే రాసిచ్చినట్టు. సెల్లోఫేన్ తొడుగు తీయొద్దు. లోపలి గాలిలో తేమను 65 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ వేయాలి. 60 గ్రాములది పాతిక సిగార్లకు సరిపోతుంది. ఇంకాస్త తేమ ఉంటే మంచిదని 72 వేస్తే కొసన ఉన్న తీపిపూత జిగురెక్కి తొడుగుకు అంటుకుంటుంది, ఆపైన బూజు. ఆ బూజునే ‘పాతబడ్డ సొగసు’ అని ఫొటో తీసేవారికి జోహార్లు.

తేమ మీటరుకూ ప్రవేశ పరీక్ష ఉంది. సీసా మూతలో ఉప్పు, నాలుగు చుక్కల నీళ్లు. కరగకూడదు, తడిముద్ద కావాలి. మీటరుతో కలిపి జిప్ సంచిలో ఒక రోజు మూసి ఉంచితే 75 చూపించాలి. 71 అంటే నాలుగు తక్కువ చెబుతోందని అర్థం.

ఇక వేడి. 18 నుంచి 21 డిగ్రీలు ఉత్తమం. 24 దాటితే పొగాకులో దాగిన పురుగు గుడ్లు పగిలి, సిగార్‌కు సూదిబెజ్జాలు పడొచ్చు. కాబట్టి మే నెల బెజవాడలో ఇంటిల్లిపాదీ ఫ్యాను కింద ఉడుకుతూ, ఏసీ గది సిగార్‌కు అప్పగించాలి. ఫ్రిజ్‌లో పెడితే, మూత ఏమాత్రం వదులైనా తేమ ఆరిపోయి ఇంగువ ఫ్లేవర్ ఉచితంగా చేరుతుంది.

ఇంత చేసినా, పూసిన వాసన ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది. అప్పుడైనా చెక్కపెట్టెలోకి మార్చొచ్చనుకునేరు. వాసన పోయిందని మన ముక్కు అంటుంది, చెక్క ఒప్పుకోదు.