ఎర్ర ఇంటూ గుర్తుకు వదంతి లొంగదు

ఆరోగ్యం మీద తప్పుడు ప్రచారాన్ని అడ్డుకుంటామని విద్యార్థి నాయకులు నడుం కట్టగానే ముందు తయారయ్యేది ఒక పోస్టర్. పైన పెద్ద అక్షరాల్లో వదంతి, దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు, అడుగున సన్నటి అక్షరాల్లో నిజం. ఫోన్‌లో దాని మీద చూపు నిలిచే ఆ రెండు క్షణాల్లో కంటపడేది వదంతే. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి కింది సగం కత్తిరించారా, ఖండించడానికి చేసిన బొమ్మే ప్రచారానికి పనికొస్తుంది.

విద్యార్థి నాయకుడి బలం పోస్టర్లలో లేదు, ర్యాలీల్లో అసలే లేదు. క్లాసు గ్రూపులో, హాస్టల్ గ్రూపులో, ఆటల జట్టు గ్రూపులో అతను సభ్యుడు. అదీ బలం. వాట్సాప్ సందేశాలు బయటివాళ్లకు కనిపించవు. ఎంత పేరున్న ఫ్యాక్ట్‌చెక్ సంస్థ అయినా గ్రూపులోని వాళ్లు పంపితే తప్ప ఆ వదంతిని చూడలేదు. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ పరిమితి పెట్టింది. మంచిదే. కానీ దాంతో వేగం తగ్గుతుందే తప్ప, అప్పటికే చదివినవాళ్ల మనసులో పడిన ముద్ర పోదు.

కాబట్టి జవాబు అదే గ్రూపులో, అదే రోజు పడాలి. ముందు పంపిన వ్యక్తికి విడిగా ఒక సందేశం పెట్టి, దిద్దుబాటు మీరే పెట్టండని అడగాలి. నలుగురిలో తప్పు ఎత్తిచూపితే మనిషి దిగిరాడు, ఇంకా పట్టుదలకు పోతాడు. సాయంత్రానికీ కదలిక లేకపోతే, ఎవరి పేరూ ఎత్తకుండా నాయకుడే పెట్టాలి. అయిదారు వాక్యాలు చాలు. మొదటి వాక్యం నిజం. ఆ తర్వాత ఇది తప్పు అని ముందే చెప్పి, వదంతిని ఒక్కసారి ప్రస్తావించాలి. అది ఎలా బురిడీ కొట్టించిందో వివరించి, మళ్లీ నిజంతో ముగించాలి. చాలామంది వదిలేసేది ఆ ‘ఎలా’నే. అసలు పని చేసేదీ అదే. ఎత్తుగడ తెలిసిన పాఠకుడు రేపు వచ్చే కొత్త వదంతిలోనూ దాన్ని పసిగడతాడు.

ఎత్తుగడలు కూడా లెక్కలేనన్ని ఏమీ ఉండవు. పాత వీడియోకు కొత్త వ్యాఖ్య తగిలించడం ఒకటి. వీడియోను రెండు మూడు చోట్ల ఆపి, ఆ బొమ్మలను ఇమేజ్ సెర్చ్‌లో (బొమ్మతోనే వెతికే సదుపాయంలో) వేస్తే చాలాసార్లు అసలు తేదీ బయటపడుతుంది. ‘పరిశోధనలో తేలింది’ మరొకటి. తేలింది మనుషుల్లోనా, ఎలుకల్లోనా, గాజు పళ్లెంలోని కణాల్లోనా? పళ్లెంలో క్యాన్సర్ కణాలను బ్లీచింగ్ ద్రావణం కూడా చంపుతుంది! ఆ పత్రం ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో కూడా చూడాలి. టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన 1998 నాటి పరిశోధన పత్రం, లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 12 మంది పిల్లల మీద రాసింది. దాన్ని 2010లో ఉపసంహరించారు. ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఆ సంగతి ఇప్పటికీ అక్కర్లేదు.

డాక్టర్లు చేయాల్సిన పని విద్యార్థులకెందుకు అంటారు కొందరు. మోతాదు ఎంత, ఈ మాత్ర మానేయొచ్చా, నాకున్న లక్షణం దేనిది లాంటి ప్రశ్నల వరకు ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ విద్యార్థి నాయకుడు తాను జవాబు చెప్పకుండా డాక్టర్ దగ్గరికి పంపాలి. మిగతా చోట్ల మాత్రం డాక్టర్ వచ్చేదాకా వదంతి ఆగదు. మద్యం కరోనాను చంపుతుందన్న ప్రచారం నమ్మి 2020లో ఇరాన్‌లో మిథనాల్ అనే విషపూరిత ఆల్కహాల్ తాగినవాళ్లలో వందల మంది చనిపోయారు.

అయితే అబద్ధాల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది సగం నిజం. 1995లో బ్రిటన్‌లో, కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని అధికారికంగానే హెచ్చరిక వెలువడింది. రెట్టింపు అంటే 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి రావడం. ఎంతోమంది భయపడి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు సుమారు 13,000 పెరిగాయి. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. దేనికి రెట్టింపో చెప్పలేదు, అంతే. పైగా ఆ ముప్పు గర్భధారణలో అంతకంటే ఎక్కువ.

దీన్ని ఏ ఫ్యాక్ట్‌చెక్ పట్టుకుంటుంది? శాతాలు లెక్కకట్టడం ఏళ్ల తరబడి నేర్పే చదువు, ఎంత మందిలో శాతమని అడగడం నేర్పదు. విద్యార్థి నాయకులు యాజమాన్యం ముందు పెట్టాల్సిన డిమాండ్ ఇదే: ఏ కోర్సు వాళ్లకైనా మొదటి ఏడాదిలో ముప్పు లెక్కల పాఠాలు పెట్టాలి. ‘ముప్పు 50 శాతం పెరిగింది’ అన్న వార్త ఇచ్చి, 10,000 మందిలో ఇద్దరికి వచ్చేది ముగ్గురికి వచ్చిందని విద్యార్థి చేతే రాయించాలి. అదీ మార్కులకు. పరీక్షలో రాని పాఠాన్ని ఎవరు చదువుతారో మనకు తెలియనిదా?