3 మిల్లీమీటర్ల సందు

మా బాత్రూమ్ టైల్స్ మధ్య గ్రౌట్, అదే సందుల్లో నింపే సిమెంటు, ఒకప్పుడు తెల్లగా ఉండేది. పాత ఫొటో ఒకటి ఉంది కాబట్టి నమ్ముతున్నాను. ఇప్పుడు షవర్ మూలలో నల్లగా, వాష్‌బేసిన్ కింద మట్టి రంగులో, తలుపు దగ్గర పేరు పెట్టలేని రంగులో ఉంది. కొన్నిచోట్ల అసలు లేనే లేదు, గోరు పెట్టి గీకితే ఇసుకలా రాలుతోంది. మేస్త్రీని పిలుద్దామండీ అని మా ఆవిడ ఆర్నెల్లుగా అంటోంది. దీనికి మేస్త్రీ ఎందుకే, ఒక్క ఆదివారం పని అని నేనూ ఆర్నెల్లుగా అంటున్నాను. చివరికి ఆ ఆదివారం వచ్చేసింది.

నా దగ్గర 4 అంగుళాల గ్రైండర్ ఒకటి ఉంది, పిండి రుబ్బేది కాదు, గుండ్రటి బ్లేడు తిప్పుతూ కోసే చేతి మిషన్. ఎప్పుడో తుప్పు గీకడానికి కొన్నది. అప్పటినుంచి అటక మీద కూర్చుని, నేను పైకి చూసినప్పుడల్లా ఏదైనా పని చెప్పవయ్యా అన్నట్టు కనిపించేది. దానికి డైమండ్ బ్లేడు బిగించాను. స్కేలు పెట్టి చూస్తే బ్లేడు మందం 2 మిల్లీమీటర్లు, సందు వెడల్పు 3 మిల్లీమీటర్లు. అంటే బ్లేడు సందు మధ్యలో దిగితే అటు అర మిల్లీమీటరు, ఇటు అర మిల్లీమీటరు ఖాళీ మిగులుతుందన్నమాట. ఈ లెక్కలో తప్పేమీ లేదు, ఇప్పటికీ లేదు. కాకపోతే కాగితం మీద బ్లేడు తిరగదు, బాత్రూమ్‌లో నిమిషానికి 11,000 సార్లు తిరుగుతుంది. పట్టుకున్నవాడి చేయి అర మిల్లీమీటరు కూడా కదలకూడదు. నా చేయి ఊరికే ఉన్నప్పుడే అంతకన్నా ఎక్కువ కదులుతుంది.

రక్షణ ఏర్పాట్లు కూడా బాగానే చేశాను. కళ్లకు మా అబ్బాయి ఈతకొట్టేటప్పుడు పెట్టుకునే గాగుల్స్, ముక్కుకు తడిపిన చేతిరుమాలు, తలకు పాత తువ్వాలు. హాల్లో అద్దం ముందు నుంచి వెళ్తూ నన్ను నేను చూసుకుని ఒక్క క్షణం ఎవడ్రా వీడు అనుకున్నాను. మా ఆవిడ తల నుంచి కాళ్ల దాకా చూసి, "ఏవండీ, గ్రౌట్ తీయడానికా, ఇంకేదైనా పనికా?" అంది. నేను జవాబివ్వలేదు. ఆ రుమాల్లోంచి మాట బయటికి రాదు.

స్విచ్ నొక్కాను. గ్రైండర్ చప్పుడు బయట ఒక రకంగా ఉంటుంది, నాలుగు పక్కలా టైల్స్ ఉన్న చిన్న గదిలో ఇంకో రకంగా ఉంటుంది. అది చెవిలోంచి కాదు, పళ్లలోంచి లోపలికి వెళ్తుంది. అయినా మొదటి జానెడు అద్భుతంగా వచ్చిందండీ. బ్లేడు సందులో గీత గీసినట్టు వెళ్లింది, పాత గ్రౌట్ పొడిపొడిగా లేచింది. ఆ జానెడు పొడవునా నేను మనసులో బంధువులందరి బాత్రూమ్‌లూ బాగుచేసేశాను.

ఆ తర్వాత ఒకచోట గ్రౌట్ గట్టిగా తగిలింది. నేను కాస్త నొక్కాను, బ్లేడు ఒప్పుకోలేదు. అది సందులోంచి ఎగిరి టైలు మీదికి ఎక్కి, కిర్రుమంటూ అడ్డంగా ఒక బెత్తెడు దూరం పరుగెత్తి ఆగింది. ఆపి, వంగి చూశాను. టైలు మీద మెరిసే పూత ఉంటుంది చూశారా, అది కాగితమంత పలచన. అది లేచిపోయి కిందున్న ఎర్రమట్టి బయటపడింది. తెల్లటి గోడ మీద, సరిగ్గా తలుపు తీయగానే కనబడే ఎత్తులో, ఎర్రటి గీత. కాస్త కనికరించి ఏ మూలలోనో గీసి ఉండొచ్చు, బకెట్ వెనక గీసి ఉండొచ్చు. అబ్బే.

నేను ఆ గీతను వేలితో తుడిచాను. ఎందుకో తెలీదు, ఇలాంటప్పుడు అందరం ఒకసారి తుడిచి చూస్తాం.

ఇక దుమ్ము సంగతి. ఏదో కాస్త లేస్తుంది, తర్వాత ఊడ్చేయొచ్చు అనుకున్నాను. సిమెంటు గ్రౌట్‌ను ఆ వేగంతో కోస్తే లేచేది దుమ్ము కాదు, పొగ. పది నిమిషాల్లో నాకు నా మోచేయి కనబడలేదు. గాగుల్స్ లోపలివైపు ఆవిరి, బయటివైపు పొడి, ఇక నేను చూసేది ఏముంది, ఊహించుకోవడమే. సరదా పక్కనపెట్టి ఒక మాట చెప్పాలి, ఆ పొడిలో ఇసుక నుంచి వచ్చే సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో లోతుగా వెళ్తే అంత తేలిగ్గా బయటికి రాదు, రోజూ పీల్చేవాళ్లకి సిలికోసిస్ అనే నయంకాని జబ్బు రావచ్చు. చేతిరుమాలు దాన్ని ఆపలేదు, కనీసం ఎన్95 మాస్క్ ఉండాలి. ఈ సంగతి నాకు పని మొదలుపెట్టే ముందు తెలిసి ఉంటే బాగుండేది. దగ్గుతూ ఫోన్‌లో చదివాను.

దుమ్ము ఆపడానికి నాకు తట్టిన ఉపాయం ఇంట్లో ఉన్న వాక్యూమ్ క్లీనర్. మా అబ్బాయిని పిలిచి, గొట్టం బ్లేడు దగ్గర పట్టుకోరా అన్నాను. వాడికి ఇంకో చేతిరుమాలు కట్టాను. గొట్టం ముందు నుంచి దుమ్ము చక్కగా లోపలికి వెళ్తోంది. నాకెంత సంతోషం వేసిందో. రెండు నిమిషాల తర్వాత హాల్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది, మాటలు అర్థం కాలేదు గానీ స్వరం అర్థమైంది. విషయం ఏమిటంటే, వాక్యూమ్ క్లీనర్ మిషన్ హాల్లో ఉంది, గొట్టం మాత్రమే బాత్రూమ్‌లో ఉంది. ఇళ్లలో వాడే మామూలు ఫిల్టర్‌కి అంత సన్నటి పొడి ఆగదు. ఇక్కడ పీల్చింది పీల్చినట్టు అక్కడ వెనకనుంచి ఊదుతోంది. సోఫా, టీవీ, ఆరేసిన బట్టలు, సోఫాలో కూర్చున్న మా ఆవిడ, అన్నీ ఒకే రంగు. బాత్రూమ్ దుమ్మును నేను తీయలేదు, హాల్లోకి ట్రాన్స్‌ఫర్ చేశానంతే.

"నాన్నా, ఇక ఆపేయనా?" అన్నాడు వాడు. నేను మళ్లీ జవాబివ్వలేదు.

సాయంత్రం మా బావమరిది వచ్చాడు. మా ఆవిడ ఫోన్ చేసి పిలిపించిందని తర్వాత తెలిసింది. వాడి చేతిలో మల్టీటూల్ ఉంది. దాని బ్లేడు గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ చాలా కొద్దిగా, కానీ నిమిషానికి వేలసార్లు ఊగుతుంది. జారినా గ్రైండర్‌లా పరుగెత్తదు, దుమ్ము కూడా బాగా తక్కువ. "బావా, గ్రైండర్ తిరుగుతుంది, ఇది వణుకుతుంది. నీకిదే కరెక్టు, మీ ఇద్దరికీ కుదురుతుంది" అన్నాడు. బావమరిది కాబట్టి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే అది కుదిరింది కూడా. మెల్లగా పోతుంది, మూరెడు సందుకు ఐదు నిమిషాలు పట్టింది, కానీ టైలు జోలికి పోలేదు. పైపైన గీకితే చాలదట, టైలు మందంలో సగం దాకా పాతది తీయకపోతే కొత్త గ్రౌట్ నాలుగు రోజుల్లో పెచ్చులూడిపోతుందట. వాడు చెప్తుంటే తలూపాను. పొద్దున్నుంచీ నేను తీసిందంతా పైపైనే.

రాత్రికి ఒక గోడ పూర్తయింది. నేల నిండా బూడిద రంగు పొడి. ఊడవమన్నారు ఇద్దరూ. ఊడిస్తే మళ్లీ లేస్తుంది కదా, నీళ్లు కొట్టి కడిగేస్తే పోలా అని నేను రెండు బకెట్లు కుమ్మరించాను. పొడంతా చక్కగా జారి జాలీలోకి వెళ్లిపోయింది. మూడో బకెట్ నీళ్లు మాత్రం వెళ్లలేదు. నాలుగోది కూడా. చీలమండల దాకా బూడిద రంగు నీళ్లలో నిలబడి, జాలీ ఎత్తి చేయి పెట్టి చూస్తే లోపల మెత్తటి బురద, గుప్పెడు తీస్తే ఇంకో గుప్పెడు.

"పాత గ్రౌట్ ఎక్కడికీ పోలేదండీ, గోడ దిగి పైపులోకి చేరింది" అంది మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి. బావమరిది నవ్వాపుకోలేక చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. ముందు పైపు క్లియర్ చేశాడు. తర్వాత గోడ చూశాడు. గదిలో మూలలు చూసి, రెండు గోడలు కలిసేచోట గ్రౌట్ పెడితే పగులుతుంది సార్, అక్కడ రబ్బరులా సాగే సిలికాన్ పెట్టాలి, మీకు ముందు చేసినవాళ్లు అదే తప్పు చేశారు అన్నాడు. నేను పెద్దమనిషిలా "అవునవును" అన్నాను. చేతి బ్లేడు తీసి మిగిలిన సందులు గీకడం మొదలుపెట్టాడు, మిషన్ లేదు, చప్పుడు లేదు, చేయి ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకి పోవడం లేదు. కాసేపు తలుపు దగ్గర నిలబడి చూశాను. ఇంతలో ఆయన చేయి ఆ ఎర్ర గీత దగ్గర ఆగింది.

"ఇదెవరు చేశారు సార్?"

ఏమని చెప్పను? "నిన్న ఒకతను వచ్చాడులే" అన్నాను.

"పని రానోడు సార్. టైలు మీదకి గ్రైండర్ ఎక్కించాడంటే వాడికి మిషన్ పట్టుకోవడం కూడా తెలీదు. ఇంత ఎత్తులో, ఇంత మంచి టైలుని... ఇలాంటోళ్లని గడప తొక్కనివ్వకూడదు."

"కదా" అన్నాను. "నాకూ అప్పుడే డౌటొచ్చింది."

"డబ్బులు గానీ ఇచ్చారా సార్ వాడికి?"

నేను నోరు తెరిచేలోపే హాల్లో సోఫా దులుపుతున్న మా ఆవిడ అందుకుంది.

"ఇవ్వలేదు మేస్త్రీ. ఎక్కడికి పోతాడులే, ఇక్కడే ఉంటాడు."